ఏడాది సినిమాలకు వరుస కట్టడం ఎలా?

డిసెంబర్ ఆఖరి వారంలో కూర్చుని ఆ ఏడాది చూసిన సినిమాలన్నీ గుర్తు చేసుకోమంటే నాకు ఎనిమిదికి మించి రావు. అందులో ఐదు దీపావళి తర్వాత చూసినవే అయి ఉంటాయి. సంక్రాంతికి చూసినవి మూడేళ్ల కిందటివిలా అనిపిస్తాయి. ఒక ఏడాది ఇలాగే పది పేర్లు రాసి, టాప్ టెన్ అని మా చుట్టాల గ్రూపులో పెట్టాను. మా అక్క వెంటనే ఫోన్ చేసింది. "ఏమిరా, ఏప్రిల్లో సెకండ్ షో చూసి నడుచుకుంటా వస్తా, ఈ ఏడాది ఇంతకంటే మంచి సినిమా రాదు అంటివే, అది యాడబోయింది?" నిజమే. ఆ సినిమా నా పదిలో లేదు సరికదా, చూసినట్టే గుర్తు లేదు.

కాబట్టి ఈ పని డిసెంబర్‌లో మొదలుపెట్టేది కాదు. జనవరిలో ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ఫోన్‌లో రాసుకున్నా సరే. సినిమా చూసిన ప్రతిసారీ నాలుగే నాలుగు విషయాలు రాయండి: తేదీ, ఎక్కడ చూశారు, ఎవరితో చూశారు, ఇంకా మనసులో మెదులుతున్నది ఏమిటి. ఈ నాలుగోది హాల్లోంచి బయటికి రాగానే రాయొద్దు. అప్పుడు అన్నీ గొప్పగానే ఉంటాయి, లేదా పార్కింగ్‌లో బండి తీయడానికి పట్టిన అరగంట కోపం సినిమా మీదికి పోతుంది. రెండు రోజులు ఆగి రాయండి. "బాగుంది", "పర్లేదు" అని రాస్తే డిసెంబర్‌కి అవి ఎందుకూ పనికిరావు. "తల్లి వంటింట్లో నిలబడి లెక్క చెప్పే సీను" అని రాస్తే పదకొండు నెలల తర్వాత కూడా సినిమా మొత్తం కళ్లముందుకు వస్తుంది.

ఏడాదంతా ఏమీ రాయలేదా? ఫర్వాలేదు, తవ్వుకోవచ్చు. టికెట్లు బుక్ చేసే యాప్‌లో పాత బుకింగులు ఉంటాయి. కౌంటర్లో టికెట్ కొన్నవాళ్లు ఫోన్‌పే హిస్టరీలో థియేటర్ పేరు వెతకాలి. ఓటీటీలో చూసినవాటి చిట్టా ఆ యాప్‌లోనే దొరుకుతుంది. ఫోన్ గ్యాలరీ ఇంకా మేలు, టైటిల్ పడగానే ఫొటో తీసే అలవాటు మనలో చాలామందికి ఉంది. స్నేహితుల గ్రూపులో "ఎలా ఉంది" అని వెతకండి, కనీసం పది సినిమాలు బయటపడతాయి. ఆ తర్వాత పండగల వరుసన నెమరేసుకోండి: సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, వేసవి సెలవులు, వినాయక చవితి, దసరా, దీపావళి, క్రిస్మస్. తిరుపతి వాళ్లకు ఇంకో రెండు గుర్తులున్నాయి, మేలో గంగ జాతర, ఆ తర్వాత బ్రహ్మోత్సవాలు. బంధువులు కొండకొచ్చి, దర్శనం అయ్యాక "సాయంత్రం సినిమాకు పోదాం" అన్నారంటే ఏ సినిమాకు పోయామన్నది మర్చిపోవడం కష్టం.

చిట్టా చేతికొచ్చాక తేల్చాల్సింది ఏడాది అంటే ఏ ఏడాది అన్నది. ఇది చూడ్డానికి చిన్న ప్రశ్నే, కానీ జాతీయ అవార్డులనే చూడండి. వాళ్లు లెక్క పెట్టేది విడుదల తేదీని కాదు, సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన తేదీని. అందుకే 2024 జనవరి 12న మనం సంక్రాంతికి చూసిన 'హనుమాన్'కి 2023 సంవత్సరపు అవార్డులు వచ్చాయి. 2025 జనవరిలో థియేటర్లకు వచ్చిన 'గాంధీ తాత చెట్టు'కి కూడా ఉత్తమ బాలనటి అవార్డు 2023 ఖాతాలోనే పడింది. ఆ అవార్డులు ప్రకటించింది 2025 ఆగస్టులో. అంటే ఒక్క 'హనుమాన్'కే మూడు సంవత్సరాలు! మీ ఇంటి జాబితాకు ఇంత గందరగోళం అక్కర్లేదు. నా పద్ధతి ఇది: మన దగ్గర థియేటర్‌కో, నేరుగా ఓటీటీకో మొదటిసారి వచ్చిన తేదీనే లెక్క. నిరుడు వచ్చి నేను ఈ ఏడాది చూసినవాటిని చివరి పేజీలో 'పాత బాకీ' అని విడిగా రాస్తాను. డిసెంబర్ చివర్లో వచ్చి, టికెట్ దొరక్క జనవరిలో చూసే సినిమాల కోసం గడువును భోగి దాకా పొడిగించుకుంటాను. భోగి దాటితే కొత్త సంక్రాంతి సినిమాల హడావుడిలో పాతవాటి మొహం కూడా గుర్తుండదు.

భాష సంగతి కూడా ముందే అనుకోవాలి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది పెద్ద విషయంలా కనబడకపోవచ్చు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, తిరుపతి నుంచి చెన్నై పొద్దున పోయి రాత్రికి తిరిగిరాగలిగే దూరం. మా వైపు చాలామందికి తమిళం చక్కగా అర్థమవుతుంది. మా మామ అయితే తమిళ సినిమాను తెలుగు డబ్బింగ్‌లో చూడడాన్ని చల్లారిన ఇడ్లీ తినడంతో పోలుస్తాడు. తెలుగు మాత్రమేనా, డబ్బింగ్ కూడానా, ఏ భాషైనా సరేనా అన్నది మీ ఇష్టం. కానీ లెక్క మొదలుపెట్టకముందే తేల్చుకోండి, మధ్యలో మార్చొద్దు. తెలుగు మాత్రమే అని మొదలుపెట్టి, పదో స్థానం ఖాళీగా ఉందని ఒక మలయాళ సినిమాను అక్కడ ఇరికిస్తే మిగతా మలయాళ సినిమాలకు అన్యాయం. ఒకే సినిమాను రెండు భాషల్లో చూసినా ఒక్కసారే రాయాలి.

దీని వెనకే వచ్చే చిక్కు, ఏ నిడివి చూశారన్నది. 'సత్యం సుందరం' తమిళ మూలాన్ని విడుదలయ్యాక సుమారు 18 నిమిషాలు కత్తిరించారు. 'పుష్ప 2' 2024 డిసెంబర్ 5న వస్తే, మరుసటి జనవరిలో ఇంకో 20 నిమిషాలు కలిపి మళ్లీ వదిలారు. మీరు మొదట చూసినదానికే స్థానం ఇవ్వండి. కలిపిన సీను నచ్చితే పక్కన ఒక మాట రాసుకోండి, అంతే.

సగం చూసి ఆపేసినవి, చపాతీలు చేస్తూ చూసినవి, బస్సులో పక్కసీటాయన ఫోన్‌లో చూసినవి, వీటిని కొట్టేయండి. వీటి మీద అభిప్రాయం ఉండొచ్చు, స్థానం మాత్రం వద్దు.

ఇప్పుడు జల్లెడ పట్టాలి. ఒక్కో సినిమా పేరు ఒక్కో చిన్న చీటీ మీద రాసి మూడు కుప్పలుగా వేయండి. మళ్లీ చూస్తాను అనేవి ఒకటి, బాగుంది కానీ ఇక చాలు అనేవి ఒకటి, ఎందుకు చూశానా అనేవి ఒకటి. ఒక్కో చీటీకి ఐదు సెకన్లకు మించి ఇవ్వొద్దు. నలభై సినిమాలు చూసినవాళ్లకు మొదటి కుప్పలో పన్నెండు నుంచి పదిహేను మిగులుతాయి. పది కూడా రాకపోతే రెండో కుప్ప నుంచి లాగకండి. ఆ ఏడాది మీ జాబితా టాప్ సెవెన్ అవుతుంది. పదే ఉండాలని ఎవరూ శాసనం రాయలేదు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చాలామంది ఇక్కడే ఐదుకు మూడుంపావు, మూడున్నర అని మార్కులు వేస్తారు. నేనూ రెండేళ్లు వేశాను. కథకు పది, నటనకు పది, పాటలకు పది, కెమెరాకు పది అని గళ్లు గీసి కూడితే, అన్నింట్లో ఆరున్నర తెచ్చుకున్న సినిమా మొదటి స్థానంలో కూర్చుంది. అది మా ఇంట్లో ఎవరికీ గుర్తులేని సినిమా. నన్ను వారం రోజులు నిద్రపోనివ్వని సినిమా పాటలు లేకపోవడం వల్ల ఆరో స్థానానికి జారింది. ఇంకో చిక్కు కూడా ఉంది. జనవరిలో వేసిన ఏడు మార్కులూ, నవంబర్‌లో వేసిన ఏడు మార్కులూ ఒకటి కావు. మన చేతిలోని కొలబద్ద ఏడాదిలో సాగుతుంది, కుంచించుకుపోతుంది. మా తిరుపతిలోనే జరిగే '35 చిన్న కథ కాదు'లో పిల్లాడు సున్నా గురించి అడిగే ప్రశ్నకు మాస్టారి దగ్గర జవాబుండదు. మార్కుల జాబితా పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ఆ పిల్లాడే గుర్తొచ్చాడు.

మార్కులు వదిలేసి జతలు కట్టండి. రెండు చీటీలు పక్కపక్కన పెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ రాత్రి ఈ రెండూ పక్కపక్క స్క్రీన్లలో ఆడుతున్నాయి, జేబులో ఒక్క టికెట్‌కే డబ్బులున్నాయి, దేనికి పోతాను? ఏది గొప్ప సినిమా, ఏది సమాజానికి మంచిది అని అడగొద్దు. ఆ ప్రశ్నలకు మనం ఎదుటివాళ్ల కోసం జవాబు చెప్తాం. టికెట్ డబ్బుల ప్రశ్నకు కాళ్లే జవాబు చెప్తాయి.

పదిహేను సినిమాలను ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చాలంటే 105 జతలవుతాయి. అంత ఓపిక ఎవరికీ ఉండదు, అవసరమూ లేదు. నిఘంటువులో మాట వెతికినట్టు మధ్యలోంచి మొదలుపెట్టండి. ఇప్పటికే ఏడు చీటీలు వరుసలో ఉన్నాయనుకోండి. ఎనిమిదోదాన్ని నేరుగా నాలుగో చీటీ పక్కన పెట్టండి. దానికంటే మేలైతే రెండోదానితో పోల్చండి, ఆ తర్వాత ఒకటోదానితోనో మూడోదానితోనో. మూడు ప్రశ్నల్లో దాని చోటు దొరుకుతుంది. ఇలా చేస్తే పదిహేనింటికీ కలిపి ఎక్కువలో ఎక్కువ 45 ప్రశ్నలు. కాఫీ రెండుసార్లు తాగేలోపు అయిపోతుంది. చీటీలు నేల మీద పరిస్తే ఇంకా సులువు, ఫ్యాన్ మాత్రం ఆపుకోండి.

పైన రెండు మూడు, కింద రెండు మూడు చకచకా కుదురుతాయి. అలిపిరి మెట్లెక్కేవాళ్లకు మోకాళ్ల పర్వతం ఎలాగో, వరుస కట్టేవాళ్లకు నాలుగు నుంచి ఎనిమిది దాకా అలాగ. అక్కడ ఒక వింత జరుగుతుంది. మొదటిది రెండోదానికంటే మేలు, రెండోది మూడోదానికంటే మేలు, తీరా మూడోది మొదటిదానికంటే మేలు అనిపిస్తుంది. నాకు 2024 దీపావళి సినిమాలతో ఇదే అయింది. 'లక్కీ భాస్కర్', 'క', 'అమరన్' మూడూ అక్టోబర్ 31న వచ్చాయి, మూడింటినీ నాలుగు రోజుల్లో చూశాను. చీటీలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. తప్పు నాలో ఏదో ఉందనుకున్నాను. కాస్త ఆలోచిస్తే అర్థమైంది, జత మారినప్పుడల్లా నా కొలత మారుతోంది. భాస్కర్‌ని 'క' పక్కన పెట్టినప్పుడు కథనంలో పట్టు చూస్తున్నాను. 'క'ని 'అమరన్' పక్కన పెట్టినప్పుడు చివర్లో తగిలిన దెబ్బ చూస్తున్నాను. 'అమరన్'ని భాస్కర్ పక్కన పెడితే సాయిపల్లవి మొహమే కనిపిస్తోంది. ఇలాంటప్పుడు ఆ మూడింటికీ కలిపి ఒకే ప్రశ్న పెట్టుకోండి. నేను పెట్టుకున్నది, ఇంట్లో ఎవరితో కలిసి రెండోసారి చూడాలనుంది అని. ముడి వెంటనే విడిపోయింది. మీకు అప్పటికీ విడకపోతే మూడింటినీ ఒకే స్థానంలో రాసేయండి, మూడు రోజులాగి మళ్లీ చూడండి.

వరుస కుదిరాక దానికి వైద్యం చేయాలి, అంటే మన పక్షపాతాలను పట్టుకోవాలి. నాది ఊరి పక్షపాతం. తెర మీద కపిలతీర్థం కనబడితే చాలు, నాకు కథలో లోపాలు కనబడవు. 'పుష్ప'లో మన చిత్తూరు యాస విన్నప్పుడు హాల్లో వాళ్లందరూ నవ్వుతుంటే నేను మాత్రం మా చిన్నాన్న మాట్లాడుతున్నట్టు ముందుకు వంగి కూర్చున్నాను. రెండో భాగంలో మాతంగి వేషంతో జాతర వచ్చేసరికి సరేసరి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాడికి ఆ సీను మీద మధ్యస్థంగా ఉండడం కుదరదు. దీనికి నేను కనిపెట్టిన మందు: ఇదే కథ కాకినాడలో జరిగి ఉంటే? ఆ ప్రశ్న వేసుకున్నాక '35' ఒక్క మెట్టు కూడా దిగలేదు. తల్లీకొడుకుల మధ్య జరిగేది ఏ ఊళ్లోనైనా నిలబడుతుంది. వేరే ఒక సినిమా మాత్రం నాలుగు మెట్లు దిగింది. దాని పేరు చెప్తే మా వీధిలో తిరగలేను.

హీరో పక్షపాతం ఉన్నవాళ్లు ఇదే ప్రశ్నను హీరో పేరు మార్చి వేసుకోవచ్చు. ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు.

హాలు పక్షపాతం ఇంకో రకం. ఇక్కడ సర్కిళ్లకూ రోడ్లకూ కూడా సినిమా హాళ్ల పేర్లే, లీలామహల్ సర్కిల్, వి.వి. మహల్ రోడ్డు. అలాంటి ఊళ్లో బెనిఫిట్ షోకి పోతే సినిమా సగమే కనబడుతుంది, మిగతా సగం కాగితాల వాన, ఈలలు. తెల్లారుజామున చూసి మొదటి స్థానం ఇచ్చేసిన సినిమాను ఒక మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో, ఒక్కరే, ఇరవై నిమిషాలు పెట్టి చూడండి. నిలబడితే నిలబడినట్టే. అయితే దీన్ని మరీ కఠినంగా కూడా పట్టించుకోవద్దు. 'కల్కి' లాంటి సినిమాను తీసిందే పెద్ద తెర కోసం, దాన్ని ఫోన్‌లో చూసి స్థానం తగ్గించడం రథాన్ని ఇంటి గుమ్మంలోంచి చూసి చిన్నదనడం లాంటిది. దీనికి ఎదురు తప్పు కూడా చేస్తాం. ఒకసారి నేను చూసిన హాల్లో ఒక పక్క స్పీకరు పనిచేయలేదు, సగం మాటలు వినబడలేదు. ఆ కోపంతో మంచి సినిమాను రెండో కుప్పలో పడేశాను. ఆర్నెల్ల తర్వాత ఓటీటీలో చూసి చీటీ వెతుక్కున్నాను. నోటుబుక్కులో 'ఎక్కడ చూశారు' అని రాయమన్నది ఇందుకే.

ఇంట్లోవాళ్లో స్నేహితులో కలిసి ఒకే జాబితా వేయాలనుకుంటే పద్ధతి ముందే ఒప్పుకోవాలి, లేకపోతే గొడవే. సులువైనది పాయింట్ల పద్ధతి. ఒక్కొక్కరూ తమ పది రాసిస్తారు, మొదటిదానికి 10, రెండోదానికి 9, అలా పదోదానికి 1. అన్నీ కూడతారు. దీన్ని 18వ శతాబ్దంలో బోర్డా అనే ఫ్రెంచి గణితవేత్త ఎన్నికల కోసం ప్రతిపాదించాడు. ఇందులో ఒక మెలిక ఉంది. ఐదుగురున్నారనుకోండి. ఒక సినిమాను ముగ్గురు మొదటి స్థానంలో, ఇద్దరు కోపంగా పదో స్థానంలో పెట్టారు. దానికి 32 పాయింట్లు. ఇంకో సినిమాను ఐదుగురూ మూడో స్థానంలో పెట్టారు, దానికి 40. ఎవరికీ మొదటిది కాని సినిమా అందరి మొదటి సినిమా అయిపోతుంది! మా ఇంట్లో ఒకసారి ఇలాగే అయ్యి, గెలిచిన సినిమా పేరు చదివినప్పుడు ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు.

ఆస్కార్‌లో ఉత్తమ చిత్రానికి వేరే పద్ధతి వాడతారు. ఓటర్లు వరుస రాసిస్తారు, సగానికి పైగా మొదటి ఓట్లు వచ్చినది గెలుస్తుంది. అలా ఏదీ రాకపోతే అట్టడుగున ఉన్నదాన్ని తీసేసి, దానికి వేసినవాళ్ల ఓట్లను వాళ్ల తర్వాతి ఎంపికకు ఇస్తారు. తేలేదాకా ఇదే వరుస. పై ఉదాహరణలో ఈ లెక్కన ముగ్గురి సినిమా మొదటి రౌండ్లోనే గెలుస్తుంది. నా సలహా, ఇంట్లో అయితే పాయింట్లు, స్నేహితుల్లో అయితే ఆస్కార్ పద్ధతి. ఇంట్లో ఇద్దరు అలిగితే భోజనాల దగ్గర తెలుస్తుంది. స్నేహితులు ఎలాగూ అలుగుతారు.

చివరగా ప్రతి సినిమా పక్కనా ఒక్క వాక్యం కారణం రాయండి. 'అద్భుతం', 'మాటల్లేవు', 'గూస్‌బంప్స్' ఈ మూడు మాటలూ నిషేధం. ఆ స్థానంలో ఎందుకుందో చెప్పలేకపోతే, బహుశా అది ఆ స్థానంలో ఉండాల్సింది కాదు. నేను 'సత్యం సుందరం' పక్కన "అత్త పేరు మర్చిపోయి పెళ్లిలో గంటసేపు మాట్లాడిన రోజు గుర్తొచ్చింది" అని రాసుకున్నాను. చదివేవాళ్లకు కథ తెలియదు, కానీ నాకు ఆ సినిమా ఎందుకు కావాలో తెలుస్తుంది.

రాసింది వారం పక్కన పెట్టి, భోగి మంట వేసిన పొద్దున తీసి ఒకసారి చదవండి. చెయ్యి దురద పెడితే ఒక్క మార్పు చేయొచ్చు, రెండు వద్దు. ఆ తర్వాత తేదీ వేసి మూసేయండి. తర్వాతి సంవత్సరాల్లో అభిప్రాయం తప్పకుండా మారుతుంది. అప్పుడు పాత వరుసను కొట్టేయకుండా పక్కన వేరే రంగు ఇంకుతో రాయండి. నా 2024 పేజీలో ఏడో స్థానం పక్కన ఎర్ర ఇంకుతో "అక్క చెప్పిందే కరెక్టు" అని ఉంది. అది ఏ సినిమానో ఇక్కడ రాయను, ఆమె కూడా ఇది చదువుతుంది.